అల్లుడు కూర్చునే వరండా

టైరులో దిగిన పల్లేరు ముల్లును నోరీన్ పళ్లతో పీకి రోడ్డు పక్కకు ఉమ్మేసింది. పొద్దుటి నుంచి ఇది మూడోది. మూడూ ఆమె సైకిలువి కావు, వెనక వస్తున్న పిల్లలవి. పిల్లలంటే ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లే. పంక్చరు పడగానే సైకిలు తెచ్చి ఆమె ముందు పడుకోబెట్టి టయోటా బండి నీడలోకి వెళ్లి కూర్చుంటారు. చెయ్యమని ఎవరూ అడగలేదు, చెయ్యనని ఆమే అనలేదు. ఆరు రోజుల కిందట బయలుదేరే ముందు ఎవరెవరు ఏ పని చూడాలో రోండా ఒక కాగితం మీద రాసింది. అందులో నోరీన్ పేరు పక్కన సైకిలు తొక్కడం అని తప్ప ఇంకేమీ లేదు. టీ కాచడం, బూడిదలో రొట్టె కాల్చడం, అందరి సాక్సులూ ఉతికి ముళ్లకంప మీద ఆరేయడం, ఈ పంక్చర్లు, అన్నీ కాగితంలో లేకుండానే వచ్చి ఆమె ఒళ్లో పడ్డాయి. ఇంట్లోనూ అలాగే పడ్డాయి కాబట్టి ఆమెకు అదేమీ వింతగా లేదు.

టయోటా ముందు సీటులోంచి మేజీ పెద్దమ్మ తల బయటపెట్టింది. నోరీన్ తల్లికి అక్క. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. సైకిలు ఎక్కలేదు గానీ దారి పొడుగునా అందరినీ నోటితోనే తోలుకొస్తోంది.

"ఏమే, ఆ ముల్లును కూడా ఉతికి ఆరేస్తావా ఏంది? లే. ఎండెక్కుతోంది."

"అయిపోయింది పెద్దమ్మా."

"నీకెప్పుడూ అయిపోయిందనే మాటే. ఆ పిల్లల చేతులకేం పుట్టింది? గోళ్ల రంగు పోతుందనా?"

నీడలో కూర్చున్నవాళ్లు నవ్వారు గానీ లేవలేదు.

ఎనిమిది మంది ఆడవాళ్లు, ఎనిమిది సైకిళ్లు, నీళ్ల డబ్బాలూ పక్కచుట్టలూ మోసుకొచ్చే ఒక పాత బండి. ఎడారిలో ఉన్న వాళ్ల మూలవాసుల ఊరి ఆసుపత్రి గడప నుంచి టౌను దాకా నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు. అందరివీ ఎర్రమన్ను రంగు చొక్కాలు. వీపు మీద తెల్లటి అక్షరాలతో "ఇంట్లో పడే దెబ్బ ఇంటి సంగతి కాదు" అని ఉంటుంది. ఇదంతా ఆ ఆసుపత్రిలో నర్సుగా చేసే రోండా ఆలోచన. నోరీన్‌కు అక్క కూతురు. ఈ ఏడాది వేసవిలో వాళ్ల ఊరి నుంచి దెబ్బలతో పెద్దాసుపత్రికి విమానం ఎక్కించిన మూడో మనిషి కూడా తిరిగి రాకపోయేసరికి రోండా రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఊళ్లో ఆడవాళ్లందరినీ పిలిచి, "తెల్లవాళ్ల పిల్ల ఒకతి పోతే నెలరోజులు టీవీలో చూపిస్తారు. మనవాళ్లను ఇంట్లో చంపితే పేపర్లో నాలుగు లైన్లు కూడా రాయరు. రోడ్డెక్కితే దారిన పోయేవాళ్లన్నా చూస్తారు గదా" అంది. దారిన పోయేవాళ్లు చూశారు. కొందరు హారను కొట్టి చెయ్యి ఊపారు. మూడోనాడు ఒక కారులోంచి సగం తాగిన బీరు సీసా వచ్చి నోరీన్ చక్రం ముందు పగిలింది. ఆ గాజుపెంకులు ఏరింది కూడా ఆమే.

దారిలో ఊరు వచ్చినప్పుడల్లా కొట్టు ముందు నీడలో ఆడవాళ్లు గుమిగూడతారు. రోండా మాట్లాడుతుంది. ఎక్కడికి ఫోను చేయాలో, ఎవరింట్లో తలదాచుకోవచ్చో చెబుతుంది. నోరీన్ పొయ్యి రాజేసి టీ కాస్తుంది. ఆరు రోజుల్లో ఎక్కడా ఆమె నోరు తెరిచి తన సంగతి చెప్పలేదు. నిన్న ఒక ఊళ్లో ఎప్పటి స్నేహితురాలో కనిపించి "నీ కూతురు షార్నా ఎట్లా ఉంది?" అని అడిగితే, "బాగుంది, టౌనులోనే" అని టీ గ్లాసు చేతికిచ్చింది. అబద్ధమాడిందన్న సంగతి ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమెకే తట్టలేదు. పదకొండేళ్లుగా ఆసుపత్రిలో నేల తుడుస్తోంది. తెల్లారి తలుపు తీసి బకెట్టు నింపేటప్పటికి నేల మీద నెత్తురు ఎండి ఉంటుంది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. ఎవరు కార్చారో తెలుసు. మధ్యాహ్నం కొట్టులో ఆ మనిషే పక్కన నిలబడి బ్రెడ్డు కొంటుంటే చూపు దించుకునేది కూడా ఆమే.

అతికించిన ట్యూబును టైరులోకి తోస్తుండగా, ఫోను పట్టుకుని గుట్ట ఎక్కిన రోండా దిగి వచ్చింది. ఆ చుట్టుపక్కల గుట్ట మీద తప్ప ఫోను పలకదు. ఆమె ముఖం చూసి నోరీన్ పంపు కింద పెట్టింది.

"చిన్నమ్మా, హెలెన్‌తో మాట్లాడా," అంది రోండా. హెలెన్ టౌనులో ఈ యాత్రకు ఏర్పాట్లు చూస్తున్న తెల్లావిడ. "రేపు పార్కులో మనకు స్వాగతమట. టీవీ వాళ్లొస్తారంట. మగవాళ్ల మార్పు సంఘం తరఫున ఒకాయన మాట్లాడతాడంట."

"మాట్లాడనీ. మంచిదేగా."

రోండా పేరు చెప్పలేదు. గడ్డం కాస్త పైకెత్తి పెదవులతో నోరీన్ వైపు చూపించి ఊరుకుంది. ఆ మనిషి తన అల్లుడేనని నోరీన్‌కు ఆ ఊరుకోవడంలోనే తెలిసిపోయింది.

"మారిపోయాడంట. ఎనిమిది వారాల క్లాసులు పూర్తి చేశాడంట. సర్టిఫికెట్ ఇచ్చారు. షార్నా కూడా పక్కనే నిలబడుతుందంట." రోండా గొంతు తగ్గించింది. "నేను వద్దన్నా చిన్నమ్మా. వాళ్లు కార్డులు కూడా కొట్టించేశారు. నువ్వేం కంగారుపడకు. టౌను దగ్గర వంతెన దాటంగానే నువ్వు టయోటా ఎక్కేసెయ్. హెలెన్ ఆఫీసు వెనక గది ఉంది. అంతా అయ్యాక మేమే వస్తాం."

"సరేలే," అంది నోరీన్. ఎంత తొందరగా అందంటే, అన్నాక తన గొంతు తనకే పనిమనిషి గొంతులా వినిపించింది. పంపు తీసుకుని గాలి కొట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నలభై కిలోమీటర్లూ ఆమె అందరికన్నా వెనక తొక్కింది. అత్తా అల్లుడూ ఒకరినొకరు చూసుకోకూడదు, మాట్లాడకూడదు, ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఒకరున్న చోటికి ఇంకొకరు పోకూడదు. ఇది వాళ్లలో తాతల కాలం నుంచి వస్తున్న కట్టుబాటు. అది శిక్ష కాదు, మర్యాద. కూతురినిచ్చిన తల్లికి ఇచ్చే అన్నింటికన్నా పెద్ద మర్యాద. నోరీన్ దాన్ని తన తల్లి దగ్గర చూసి నేర్చుకుంది, ఎక్కడా తప్పలేదు. అతను కొట్టుకు వచ్చాడని తెలిస్తే పప్పూ ఉప్పూ అక్కడే వదిలి వెనక తలుపున వెళ్లిపోయేది. ఒకసారి మట్టిదారిలో సైకిలు మీద వస్తుంటే ఎదురుగా అతని కారు కనపడింది. పక్కకు తిప్పబోయి ముళ్లపొదలో పడింది. మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. అది చూసి ఊరంతా వారం రోజులు నవ్వుకున్నారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

షార్నాను అతను మొదటిసారి ఎప్పుడు కొట్టాడో నోరీన్‌కు తెలియదు. తెలిసేటప్పటికి పిల్ల పుట్టి ఏడాది అయింది. టౌనులో గవర్నమెంటు ఇచ్చిన ఇల్లు. ముందు వరండా, వరండా మీద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. నోరీన్ కూతుర్ని చూడాలని నాలుగు వందల కిలోమీటర్లు దాటి బస్సులో వస్తే, వీధి మలుపులోనే ఆ కుర్చీ, కుర్చీలో అతని కాళ్లు కనిపించేవి. అంతే, ఆమె అక్కడే ఆగిపోయేది. సంచి పక్కింటివాళ్ల కంచె మీద పెట్టి, "షార్నాకు ఇవ్వండి" అని చెప్పి మళ్లీ బస్టాండుకు పోయేది. ఒకనాడు పొద్దున్నే వచ్చింది, మధ్యాహ్నం వచ్చింది, సాయంత్రం వచ్చింది. మూడు సార్లూ కుర్చీలో అతనే. ఆమె వస్తున్న రోజు అతనికి ఎవరు చెప్పేవారో మరి, ఆ రోజు కదిలేవాడు కాదు. ఇంటి తలుపుకు ఆ కుర్చీ కన్నా గట్టి తాళం అక్కర్లేదని వాడికి తెలిసిపోయింది. టౌనులో అందరూ మాత్రం అతనికి అత్తగారంటే ఎంత గౌరవమో, కట్టుబాట్లన్నీ ఎంత శ్రద్ధగా పాటిస్తాడో అనుకునేవారు. హెలెన్ ఒకసారి రోండాతో "హీ ఈజ్ వెరీ స్ట్రాంగ్ ఇన్ కల్చర్" అని కూడా అందట.

రెండు చలికాలాల కిందట పెరటి వైపు సందులోంచి వెళ్లింది. ముందు వరండాలో అతనుంటే వెనక నుంచైనా కూతురి ముఖం చూడొచ్చని. కంచె రేకు సందులోంచి కనిపించింది. బట్టలారేసే తీగ కింద షార్నా మోకాళ్ల మీద ఉంది. అతని చేతిలో ఆమె జుట్టు ఉంది. రెండో చేతిలో ఏముందో నోరీన్ చూసింది. చూడకూడని మనిషిని చూసింది, రెప్ప వాల్చకుండా చూసింది, కానీ గొంతులోంచి చప్పుడు రాలేదు. పక్కింటికి పరుగెత్తి పోలీసులకు ఫోను చేయించింది. షార్నా దవడకు తీగ కట్టారు. ఏడు వారాలు గొట్టంతో పాలు తాగింది.

కోర్టులో నోరీన్ ఒక్కతే సాక్షి. అతను లోపల కూర్చున్నాడు కాబట్టి ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. మూడు సార్లు పేరు పిలిచారు. చివరికి ఒక పోలీసు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నిలబెట్టాడు. ఆమె స్వెట్టరు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. ఇటు తిరగమన్నారు. తిరగలేదు. కొట్టింది ఎవరు, పేరు చెప్పమన్నారు. మా అమ్మాయి భర్త అంది. పేరు, పేరు అన్నారు. ఆ పేరు ఆమె కూతురి పెళ్లైన రోజు నుంచి పలకలేదు. అతను ఈ గదిలో ఉంటే చూపించమన్నారు. ఆమె చెయ్యి లేవలేదు. దుబాసీగా వచ్చిన కుర్రాడికి అన్నీ అర్థమయ్యాయి, చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. అడిగినదానికే జవాబు చెప్పమన్నారు అతన్ని. అవతలి లాయరు నవ్వుతూ, "ఈమె ముఖం కూడా చూడలేదు, పేరు కూడా తెలియదు" అన్నాడు. షార్నా మెట్ల మీద నుంచి పడ్డానని రాసి ఇచ్చింది. కేసు కొట్టేశారు. బయట కుళాయి దగ్గర కూతురు ఒక్క నిమిషం నిలబడింది. తీగ కట్టిన దవడతో మాట నమిలి నమిలి, "నేనైతే భయపడి చెప్పలేదమ్మా. నువ్వు కూడా నోరు విప్పలేదుగా" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. నోరీన్ ఆ రెండు చలికాలాలూ ఆ మాట పక్కనే పడుకుంది. ఈ యాత్రకు రోండా పిలిచినప్పుడు మోకాళ్ల నొప్పులున్నా వస్తానన్నది దానికోసమే. నోటితో చెప్పలేనిది కాళ్లతో అయినా చెప్దామని.

ఇప్పుడు ఆ కాళ్లు కూడా ఆఫీసు వెనక గదిలో దాక్కోవాలి.

సాయంత్రం ఎండిపోయిన ఏటి ఇసుకలో ఆగారు. జామాయిలు చెట్ల కింద నోరీన్ పిండి కలిపింది. దారిలో ఎవరో ఇచ్చిన కంగారూ తోకను నిప్పుల్లో కప్పెట్టింది. మేజీ పెద్దమ్మ దుప్పటి మీద చతికిలబడి ఆమెను చాలాసేపు చూసింది.

"రేపు కారెక్కి దాక్కుంటావంట గదా."

"మరేం చేయమంటావు పెద్దమ్మా? అక్కడ... ఉంటాడు."

"ఉంటే?"

"ఉంటే ఏంటి? నేనెట్లా పోతా?"

"మా అల్లుడు నీకు గుర్తుందా? పొడుగాయన, పశువుల క్యాంపులో పనిచేసేవాడు."

"గుర్తుంది."

"నేను నీళ్లకు ఏటికి పోతుంటే వాడు అన్నం తింటా తింటా పళ్లెం పట్టుకుని బండ వెనక దూకేవాడు. ఒకసారి స్నానానికి దిగాడు. నేను గట్టు మీద కూర్చున్నా. నాకు తెలీదు, చెప్పొద్దూ, కొంచెం తెలుసు. రెండు గంటలు నీళ్లలోనే ఉన్నాడు. వాడి వేళ్లు ముడతలు పడిపోయాయి." మేజీ పెద్దమ్మ నవ్వింది. నోరీన్‌కూ నవ్వొచ్చింది. "ప్రతి వేటకూ నాకు తోక వచ్చేది. వాడు తేకూడదు గదా, పిల్లకిచ్చి పంపేవాడు. పోయేదాకా పంపాడు. నీకెన్ని తోకలొచ్చాయి?"

నోరీన్ పిండి చేతులు చూసుకుంది. "ఒక్కటి కూడా రాలేదు."

"పదేళ్లల్లో?"

"తొమ్మిది."

"మరి వాడు పాటించేదేందే? మాంసం పంపడు. పిల్లను ఏలుకోవడం లేదు. నువ్వొస్తే లేవడు. కూర్చోడమొక్కటే పాటిస్తున్నాడు." పెద్దమ్మ గొంతులో నవ్వు పోయింది. "తప్పుకోవాల్సింది ఇద్దరూ. ముందుగా మగాడు. పిల్లను తీసుకున్నది వాడు గదా, ఒదిగి ఉండాల్సింది వాడు. నీకెవరు చెప్పారు, ఎప్పుడూ నువ్వే పోవాలని?"

"ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పకుండానే తప్పుకుని తప్పుకుని టౌనంతా వాడికి రాసిచ్చేశావు."

 నోరీన్ రొట్టెను బూడిదలో పెట్టి కప్పింది. ముళ్లపొదలో పడ్డ రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఎదురుగా వచ్చిన కారు వేగం తగ్గించలేదు, పక్కకు తిరగలేదు. నెత్తురు కారుతుంటే లోపలివాళ్లు అద్దం కూడా దించలేదు. అప్పుడు సిగ్గుపడింది తను. వీడికి సిగ్గు లేదేమిటన్న ఆలోచన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తనకు రాలేదు. రాకపోయినందుకు ఇప్పుడు ఒళ్లు మండిపోయింది. అతని మీద ఎంతో తన మీదా అంతే. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చుంది.

మర్నాడు పదకొండు గంటలకు వంతెన దాటారు. టయోటా పక్కకు ఆగింది. రోండా సైకిలు దిగి, "చిన్నమ్మా, ఇక్కడే" అని వెనక తలుపు తెరిచింది. నోరీన్ ఆగలేదు. వేగంగా ఏమీ పోలేదు, మోకాళ్లు పోనివ్వవు. తొక్కుతూ వాళ్లను దాటుకుంటూ ముందుకు పోయింది. రోండా వెనక నుంచి రెండు సార్లు పిలిచింది. తర్వాత టయోటాలోంచి మేజీ పెద్దమ్మ అరుపు వినిపించింది. "పోనియ్యవే."

పార్కులో రంగుల జెండాలు, ఒక చెక్క వేదిక, కుర్చీలు. ముందు వరసలో పెద్దమనుషులు, వాళ్లవాళ్లే, గడ్డాలు నెరిసినవాళ్లు. మైకులో అతని గొంతు వస్తోంది. ఆ గొంతును ఆమె ఎప్పుడూ అంత దగ్గరగా వినలేదు. మెత్తగా ఉంది. "నేను తప్పు చేశాను. నా భార్య నన్ను క్షమించింది. నా సంస్కృతే నన్ను దారిలో పెట్టింది" అంటున్నాడు. చప్పట్లు కొట్టారు. నోరీన్ నడుముకు కట్టుకున్న స్వెట్టరు తీసి తల మీద కప్పుకుంది. ముఖం ఎడమవైపు తిప్పుకుంది. చూపు నేల మీద పెట్టింది. చేయవలసినవన్నీ చేసి, సైకిలును గేటులోంచి నేరుగా వేదిక వైపు పోనిచ్చింది.

మైకులో మాట సగంలో ఆగింది.

టీవీవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. మొదటి సైకిలు వచ్చిందని హెలెన్ చప్పట్లు మొదలుపెట్టింది. ఆమె ఒక్కతే కొట్టింది. మిగిలినవాళ్లందరూ తలలు దించుకున్నారు. నోరీన్ వేదిక మెట్ల దగ్గర సైకిలు దిగి, స్టాండు వేసి, నేల మీద కూర్చుంది. కూర్చుని వీపు వేదిక వైపు పెట్టింది.  ఇలా వచ్చినందుకు తననే తప్పుపట్టవచ్చు. పెద్దమనుషుల్లో ఎవరైనా లేచి, ఆడదానివి నీకిదేం పని అనవచ్చు.  ముందు వరసలో ఒక ముసలాయన కర్రతో నేల మీద రెండు సార్లు కొట్టాడు. వేదిక వైపు చూడలేదు. "ఏందయ్యా ఇంకా నిలబడ్డావు," అన్నాడు మామూలుగా, పశువును తోలినట్టు.

వేదిక వెనకవైపు మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు నోరీన్‌కు వినిపించింది. కారు తలుపు, ఇంజను. హెలెన్ పరుగున వచ్చింది. "ఏమైంది? మైకు పాడైందా? ఆయన ఎక్కడికెళ్లాడు?" అంటోంది. 

షార్నా వేదిక పక్కన నిలబడి ఉంది. అంత ఎండలో పొడుగు చేతుల చొక్కా, నల్ల కళ్లద్దాలు. నోరీన్ లేచి దగ్గరికి వెళ్లింది. తొమ్మిదేళ్లుగా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. కూతురు ఆమెను పట్టుకోలేదు. పెదవులు కదలకుండా అడిగింది.

"ఎందుకొచ్చావమ్మా?"

"నిన్ను చూద్దామని."

"చూశావుగా. ఇంతమందిలో తలొంచుకుని దిగిపోయాడు. ఇంటికొచ్చాక ఇది ఎవరి మీద తీర్చుకుంటాడో నీకు తెలీదా?" షార్నా గేటు వైపు చూసింది. "మీరు సైకిళ్లేసుకుని పోతారు. ఫోటోలు దిగి పోతారు. నేను పోయేది ఆ ఇంటికే."

రోండా అప్పటికి వచ్చి పక్కన నిలబడింది. టౌనులో ఆడవాళ్లు తలదాచుకునే ఇంట్లో మంచాలు ఖాళీ లేవని నిన్ననే చెప్పారట, సోమవారం దాకా చూడమన్నారట. ఆ రోజు గురువారం. షార్నా కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. ముళ్లపొదలో పడ్డాక ఊరితో కలిసి తను నవ్వినట్టే, ఈ పిల్ల వేదిక పక్కన నిలబడటమూ ఓర్చుకోవడమే అని నోరీన్‌కు అనిపించింది. తను ఆ వేదిక దగ్గర గెలిచిందనుకున్నదంతా ఈ పిల్ల ఒంటి మీద పడబోతోంది. ఆమెకు చాలా భయం వేసింది. ఇంత భయం కంచె సందులోంచి చూసిన రోజు కూడా వేయలేదు.

"నేను పోవడం లేదు," అంది.

"ఎక్కడికి పోవడం లేదు?"

"ఊరికి. నీతో ఇంటికొస్తున్నా."

"అమ్మా, అతనుంటాడు."

"నేనుంటే ఎట్లా ఉంటాడు?"

షార్నా తల్లి ముఖంలోకి చూసింది. పిచ్చిపట్టిందా అన్నట్టు చూసింది, తర్వాత ఆ మాటలోని లెక్క నెమ్మదిగా అర్థమవుతున్నట్టు చూసింది.

టయోటా ఆ ఇంటి ముందు ఆగేటప్పటికి నాలుగైంది. వరండా మీద కుర్చీ అక్కడే ఉంది, పక్కన ఖాళీ బీరు డబ్బాలు. నోరీన్ కుర్చీని ఎత్తి కంచె అవతల పెట్టింది. ఏమీ విసరలేదు. సైకిలును గేటుకు అడ్డంగా ఆనించింది. పక్కచుట్టను గుమ్మానికి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు పరిచింది. లోపలికి పోవాలంటే ఎవరైనా ఆమెను దాటుకునే పోవాలి. రోండా మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది.

"ఎన్నాళ్లు చిన్నమ్మా?"

"తెలీదు."

"ఆసుపత్రిలో నేల ఎవరు తుడుస్తారు?"

"నువ్వు తుడువు. చేతులున్నాయిగా."

రోండా ఆ మాటకు ఆశ్చర్యపోయింది, నవ్వింది, వెంటనే నవ్వు ఆపుకుంది. "తాగి వస్తే? తాగినవాడికి అత్తేంటి, మర్యాదేంటి?"

అది నోరీన్ దారంతా ఆలోచించిన సంగతే. ఆ ముసలాయన కర్ర ఇక్కడ ఉండదు. పదిమంది చూపులు ఇక్కడ ఉండవు. వాడు కట్టుబాటును కాళ్ల కింద వేసి తొక్కుకుంటూ వస్తే, మొదట తగిలేది తనే. ఆమె యాభై నాలుగేళ్ల ఆడది, మోకాళ్లు వాచి ఉన్నాయి. "వస్తే నన్ను దాటాలి," అంది. "అప్పుడు పేరుతో సహా చెప్తా. కోర్టులో కూడా."

  రోండా పోలీసులకు ఫోను చేసి వస్తానని, పక్క వీధిలో ఉన్న ఇద్దరు పెద్దమనుషులకు చెప్పి వస్తానని వెళ్లింది. మేజీ పెద్దమ్మ వరండా మూల గోడకానుకుని కూర్చుని, టీ ఎవరిస్తారని అడిగింది. నోరీన్ అలవాటుగా లేవబోయింది.

"నువ్వు కూర్చో," అంది లోపలి నుంచి షార్నా.

లోపల కుళాయి తిప్పిన చప్పుడు, తర్వాత కెటిలు చప్పుడు వినిపించాయి. పక్కింట్లో ఉంచిన షార్నా నాలుగేళ్ల కూతురు పెరటి దారిన వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ అమ్మమ్మను ఆ పిల్ల ఇంత దగ్గర చూడటం అదే మొదటిసారి. కాసేపు చూసి, పక్కచుట్ట మీదికి ఒక కాలు, మళ్లీ ఒక కాలు పెట్టి, నోరీన్ వెనక వీపుకు వీపు ఆనించి కూర్చుంది.

ఎండ కంచె మీదికి దిగినప్పుడు వీధి మలుపులో కారు ఆగింది. ఇంజను ఆపలేదు. లోపల షార్నా చేతిలో కప్పులు ఒకదానికొకటి తగిలాయి. నోరీన్ ఎవరి కారని తిరిగి చూడలేదు, చూడకూడదు. స్వెట్టరు తల మీదికి లాక్కుంది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. కళ్లు నేలకు దించుకుంది. అల్లుడికి అత్త చేయవలసిన మర్యాదలన్నీ ఒక్కొక్కటిగా చేసింది.

లేవడం ఒక్కటే చేయలేదు.